గుండ్రటి ముద్రలో వంగిన నక్షత్రం

మేడ్చల్‌లోని మహిళా శిక్షణ కేంద్రానికి నన్ను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా బదిలీ చేసిన ఉత్తర్వు జూన్ మొదటి వారంలో చేతికందింది. చుట్టుపక్కల గ్రామ పంచాయతీలు చాలావరకు మున్సిపాలిటీలలో కలిసిపోయిన మరుసటి ఏడాది అది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉంది. చేతిపనుల విభాగంలో జూనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి, కుట్లు, అల్లికలు, బట్ట మీద అచ్చు అద్దకం, కాగితం పని నేర్పుతూ వచ్చాను. కేంద్రానికి పెద్ద సూపరింటెండెంట్. ఆయన పైన జిల్లాకంతటికీ ఒక ప్రాజెక్టు అధికారి. కోర్సు ఆరు నెలలు, బ్యాచ్‌కి ఇరవై మంది. మేడ్చల్‌లో నాకప్పగించిన సబ్జెక్టు గ్రీటింగ్ కార్డుల తయారీ.

ఫోన్లో పువ్వు బొమ్మ పంపేసే కాలంలో కార్డులెవరు కొంటారని మా ఇంట్లోనే నవ్వారు. కానీ కొనేవాళ్ళున్నారు. క్రిస్మస్‌కు చర్చిలవాళ్ళు, వీడ్కోలు సభలకు కండ్లకోయ వైపు కాలేజీలవాళ్ళు, గృహప్రవేశాలకు కొత్త కాలనీలవాళ్ళు ఆర్డర్లిచ్చేవారు. చేత్తో చేసిన కార్డులో అచ్చేసిన కార్డుకు లేని ఒక గుణం ఉంది. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. కర్రకున్నట్టే కాగితానికీ పోగు ఉంటుంది. పోగు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. మొదటి వారమంతా ఆ పోగు కనుక్కోవడమే నేర్పేదాన్ని. తర్వాత నేపథ్యం. కార్డు ముఖం నిండా పువ్వుల ముద్రలు అద్దాలి. స్టాంపును సిరా మెత్త మీద అద్ది, ముందు చిత్తుకాగితం మీద ఒకసారి వేసి, మిగిలిన సిరాతో కార్డు మీద వేస్తాం. అప్పుడు పువ్వు లేతగా, దూరంగా ఉన్నట్టు పడుతుంది. దీన్ని మేం రెండో అద్దకం అంటాం. కొన్ని పువ్వులు అంచు దాటి సగమే పడాలి. అప్పుడే అది పెద్ద పూలబట్టలోంచి కత్తిరించిన ముక్కలా కనిపిస్తుంది. దాని మీద ముదురు రంగు పువ్వులు రెండు మూడు, ఆ పైన శుభాకాంక్షల చీటీ.

స్టాంపులు మేమే చెక్కుకునేవాళ్ళం. మెత్తటి రబ్బరు పలక మీద, పల్చటి కాగితంపై పెన్సిల్‌తో గీసిన బొమ్మను బోర్లించి రుద్దితే గీత రబ్బరుకు దిగుతుంది. గీత చుట్టూ ఉన్న రబ్బరును మొన సన్నగా ఉన్న కత్తితో తీసేయాలి. ఇందులో నేను నేర్పే సూత్రం ఒక్కటే. కత్తి పట్టిన చేయి కదలకూడదు, రబ్బరు తిరగాలి.

ఆ బ్యాచ్‌లో ఈ పని సునీతకు వచ్చినట్టు ఎవరికీ రాలేదు. ఆమెది మచ్చ బొల్లారం. ఇరవై అయిదేళ్ళుంటాయి. డిగ్రీ మధ్యలో ఆపేసింది. తండ్రి డ్రైవరు. చర్చిలో పాటలు పాడేది, క్లాసులో మాత్రం మాట తక్కువ. ఆమె చెక్కిన చామంతి రేకులు గాలికి ఒరిగినట్టు అన్నీ కుడివైపుకు కొద్దిగా వంగి ఉండేవి. నిజానికి అది దోషం. కత్తి గీత పూర్తవకముందే ఆమె రబ్బరు తిప్పేసేది. కానీ చూడటానికి అందంగా ఉండేది. అందుకని నేను దిద్దలేదు.

ఆమె పక్కన కూర్చునేది యాదమ్మ. శామీర్‌పేట దగ్గరి ఊరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేసేది. పొద్దుటి వంటకూ సాయంత్రం వంటకూ మధ్య దొరికే ఖాళీలో మా దగ్గరికి వచ్చేది. చేయి మొరటు. ముద్ర వేసేటప్పుడు పిండి పిసికినంత బలం పెట్టేది. సునీత ఆమె మణికట్టు పట్టుకుని, ఎంత బరువు మోపాలో చూపిస్తుండేది. ఇద్దరూ ఒకే సిరా మెత్త వాడేవారు.

నవంబరులో ఒక మధ్యాహ్నం, క్లాసుకు అరగంట ముందే యాదమ్మ నా గదికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"మేడం, గీ కాయితం జర సదివి చెప్పుండ్రి. మున్సిపాలిటోళ్ళు ఇచ్చిన్రు. మా పిల్లగాడు సదివిండు గని, సమజ్ కాలే అంటుండు."

అది నోటీసు. శామీర్‌పేట వైపు ఆమె ఆ సెప్టెంబరులోనే కొనుక్కున్న ఇంటి స్థలం ఉన్న లేఅవుట్‌కు పాత గ్రామ పంచాయతీ అనుమతి ఇచ్చినట్టు పంచాయతీ రిజిస్టరులో నమోదు లేదని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ఉంది. ఇరవై ఏళ్ళు హాస్టల్ పొయ్యి దగ్గర నిలబడి ఆమె కూడబెట్టిందంతా ఆ స్థలంలోనే ఉంది. ఆ సంగతి మా క్లాసులో అందరికీ తెలుసు. అనుమతి పత్రం ఉందా అని అడిగాను. ఉందని సంచిలోంచి తీసి ఇచ్చింది.

పసుపు పట్టిన కాగితం, పంచాయతీ ఉన్నప్పటి పాత తేదీ. కింద సర్పంచ్ సంతకం, దాని మీద ఊదారంగు గుండ్రటి ముద్ర. చుట్టూ ఊరి పేరు, గ్రామ పంచాయతీ, మండలం. పై వరుస అక్షరాలకూ కింది వరుస అక్షరాలకూ మధ్య, అటొకటి ఇటొకటి చిన్న నక్షత్రాలు. ఆఫీసు ముద్రలన్నిటిలో ఉండేవే.

నేను అక్షరాలు చదవడం పూర్తి చేయలేదు. ఎడమవైపు నక్షత్రం దగ్గరే ఆగిపోయాను. అయిదు కొనలూ కుడివైపుకు వంగి ఉన్నాయి.

ముందు నా కళ్ళను అనుమానించాను. ముద్రలు పరీక్షించే భూతద్దం సొరుగులోంచి తీసి చూశాను. కుడివైపు నక్షత్రం కూడా అంతే. బీరువాలోంచి సునీత చామంతి నమూనా తెచ్చి పక్కన పెట్టాను. రేకు చివర కత్తి పైకి లేచిన చోటు, నక్షత్రం కొన దగ్గర కత్తి లేచిన చోటు ఒక్కలాగే ఉన్నాయి. కాసేపటికి యాదమ్మ మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, "మేడం, పానం బాగలేదా?" అని అడిగింది. నేనేమన్నానో గుర్తులేదు. కాగితం ఒక గంట నా దగ్గరుంచమని మాత్రం చెప్పినట్టున్నాను.

ఆమె క్లాసులోకి వెళ్ళిన తర్వాత నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆగస్టులో సునీత ఒకరోజు నన్ను అడిగింది, అక్షరాలు గుండ్రంగా చెక్కాలంటే ఎట్లా అని. చర్చి కార్డు మీద పూలదండలా వాక్యం రావాలట. ఎవరూ అడగని ప్రశ్న అడిగిందని నాకు ముచ్చటేసింది. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నేర్పాను. వృత్తాన్ని ఎలా భాగించాలి, తెలుగు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి ఎలా దించాలి, ఒత్తులు అతుక్కుపోకుండా ఎంత ఎడం వదలాలి, అన్నీ నేనే చూపించాను. ఆ పూట నేను తాగాల్సిన టీ చల్లారిపోయింది కూడా. ఆ వాక్యమున్న చర్చి కార్డు మాత్రం తర్వాత నేనెప్పుడూ చూడలేదు. చూపించమని అడగనూ లేదు.

సునీతను సామాన్ల గదిలోకి పిలిచి కాగితం చూపించాను. ఆమె ఊరి పేరు చదవలేదు. చూపు నేరుగా నక్షత్రం మీదికి వెళ్ళింది. ఇక నేను అడగాల్సిన పని లేకపోయింది.

"ఇది ఎవరిది మేడం?" అంది.

యాదమ్మది అని చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుంది.

తర్వాత మెల్లగా చెప్పింది. ఆమె అక్క భర్త ఒక ప్లాట్ల బ్రోకరు దగ్గర పనిచేస్తాడు. పంచాయతీలు పోయాయని, పాత ఫైళ్ళు తేల్చడానికి పాత ముద్రలు కావాలని, ఉన్నవి అరిగిపోయాయని ఆయన చెప్పాడట. ఇక్కడొక వృత్తి సంగతి చెప్పాలి. ఆఫీసు ముద్ర చేసే దుకాణంవాడు ఆ ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడుగుతాడు. అడగకుండా చేస్తే తనూ నేరస్తుడే. ఇంట్లో రబ్బరు చెక్కే అమ్మాయి ఉత్తరం అడగదు. పైగా ఇప్పుడు దుకాణాల్లో మిషను మీద చేసే ముద్ర మరీ నున్నగా ఉంటుంది. చేత్తో చెక్కింది పాతకాలపు దానిలా నమ్మకంగా కనిపిస్తుంది.

ఎన్ని చెక్కావు అని అడిగాను. ఆరు అంది. ఎక్కడ అంటే, "ఈడనే మేడం. మధ్యాహ్నం అందరు అన్నం తినేటప్పుడు" అంది.

తప్పని తెలియదా అని అడిగాను.

"బావ ఎవ్వరికి చెప్పొద్దన్నడు. గప్పుడే నాకు డౌటొచ్చింది. అడిగితే తెలుస్తదని అడగలే."

నిబంధన ప్రకారం ఆ సాయంత్రమే సూపరింటెండెంట్‌కు విషయం చెప్పాను. ఆయన మంచి మనిషే. భయస్తుడు. తలుపు వేయించి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఎవరు చెక్కిన్రో పోలీసులు చూసుకుంటరు మేడం. మనం చెప్తే ముందు మన సెంటర్ మూతపడుతది. ఆ పిల్ల పేరు బ్యాచ్‌లకెళ్ళి తీసేయండి. ఆ పిల్ల చెక్కిన నమూనాలు నాకియ్యండి, నేను చూసుకుంట."

నమూనాలు ఇవ్వలేనని చెప్పాను. అవి నా సంతకంతో స్టాకు రిజిస్టరులో ఉన్నవి. ఇరవై ఆరేళ్ళలో పై అధికారి అడిగింది ఇవ్వనని అనడం అదే మొదటిసారి. జరిగిందంతా కాగితం మీద రాసి ఆయనకిచ్చి, ఒక ప్రతి ప్రాజెక్టు అధికారికి కూడా పంపాను. యాదమ్మకు ఆమె కాగితం మర్నాడిస్తానని చెప్పి, నమూనాలతో పాటు బీరువాలో పెట్టి, తాళం హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి వెళ్ళాను.

మర్నాడు సునీత రాదనుకున్నాను. అందరికన్నా ముందే వచ్చింది. చేతిలో ఒక కవరు. అందులో ఆరు ముద్రలకూ ఆమె గీసిన పల్చటి కాగితాలున్నాయి. బావ కాల్చేయమన్నాడట, బైబిల్లో దాచిందట. అది నాకు చూపించి, ఇవ్వకుండానే తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. యాదమ్మ వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని ఎప్పటిలాగే పక్కన కూర్చుంది. సునీత కవరులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టింది.

"అక్కా, నీ ప్లాటు కాయితం మీదున్న ముద్ర ఉత్తది. అది చెక్కింది నేనే."

యాదమ్మ ఆ కాగితాన్ని తిరగేసి చూసింది. మళ్ళీ తిప్పింది. ఆమె ఏడుస్తుందనో, కొడుతుందనో నేను దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. ఆమె సునీతను ఏమీ అనలేదు. నావైపు తిరిగింది.

"మేడం, ఇది మీ ముంగట్నే గదా చేసింది. మీకు తెల్వదా?"

తెలియదని చెప్పాను. అది నిజమే. అయినా ఆ ఇరవై మంది ముందు ఆ మాట అబద్ధంలా వినిపించింది. అక్షరాలు తిరగేయడం నేర్పింది నేనేనని కూడా చెప్పాను. యాదమ్మ నన్ను అలాగే చూసి, సునీతతో ఒక్క మాటంది.

"టేషనుకు నాతోని వస్తవా?"

సునీత తలూపింది. ముగ్గురం ఆటోలో వెళ్ళాం. నమూనాలు, యాదమ్మ కాగితం నా ఒళ్ళో ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు చదువుకున్న యువకుడు. ఓపిగ్గా విన్నాడు కానీ నమ్మలేదు. ఇంత శుభ్రమైన ముద్ర మిషను లేకుండా రాదన్నాడు. ఎవరినో కాపాడటానికి ఈ అమ్మాయిని ముందుకు తోస్తున్నారా అని నన్నే అడిగాడు. అప్పుడు సునీత రబ్బరు ముక్క ఇస్తే చెక్కి చూపిస్తానంది. నా సంచిలో ఒక పలక, కత్తి ఉన్నాయి. కత్తిని ముందు కానిస్టేబుల్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చాడు.

స్టేషన్ రైటర్ బల్ల మీద ఫైళ్ళు పక్కకు జరిపి ఆమె మొదలుపెట్టింది. గీసుకోలేదు, కొలవలేదు. నక్షత్రం, దాని పక్కన రెండక్షరాలు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎడమ చేతిలో రబ్బరు మెల్లగా తిరుగుతోంది. కుడి చేయి కదలడం లేదు. నేను నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. అరగంట పట్టింది. స్టేషన్ సిరా మెత్త మీద అద్ది, తెల్లకాగితం మీద వేసి ఇన్‌స్పెక్టరు ముందుకు జరిపింది. ఆయన దాన్నీ యాదమ్మ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. కొనలు అదే వైపు వంగి ఉన్నాయి.

ఆ రెండు కాగితాలనూ ఫైల్లో పెట్టి అన్నాడు: "అమ్మా, నువ్వు నిజం చెప్పినవ్. గందుకే నిన్ను ఇంటికి పంపలేను."

నాకు వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్పిన మనిషిని సాక్షిగా రాసుకుని పంపేస్తారని అనుకునే అక్కడిదాకా తీసుకొచ్చాను. ఆ వయసులో, అంత సర్వీసు చేసి, చట్టం గురించి నాకు తెలిసింది అంతే. దొంగముద్ర చేసిన చేయి ఎవరిదో ఆయన కళ్ళముందే రుజువైంది. చట్టంలో ఆమె నిందితురాలు. మహిళా కానిస్టేబుల్ వచ్చి సునీత చేతిలోని కత్తి తీసుకుంది.

యాదమ్మ లేచి నిలబడింది. "సారూ, గీ పిల్లను జైల్ల ఎయ్యమని నేను చెప్పలే. నా కాయితం ఉత్తదని చెప్పనీకి తోల్కొచ్చిన" అంది. ఇన్‌స్పెక్టరు ఆమెకు మర్యాదగానే వివరించాడు. ఆమె వినలేదు. సాయంత్రం హాస్టల్ వంటకు కూడా వెళ్ళకుండా సునీత వాళ్ళ నాన్న వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంది. ఆయనకు నేను ఫోన్ చేశాను. నా జీవితంలో అంత కష్టమైన ఫోను మరొకటి చేయలేదు. ఆయన ఒకే ఒక మాట అడిగాడు: "మీ దగ్గరికి పువ్వులు చేసుడు నేర్సుకోనీకి గదమ్మా పంపింది?"

సునీతకు బెయిలు పదకొండు రోజులకు వచ్చింది. బావను నాలుగో రోజున పట్టుకున్నారు. బ్రోకరు రెండు నెలలు తప్పించుకు తిరిగి దొరికాడు. సునీత దాచిన ఆరు కాగితాల ఆధారంగా ఆరు చోట్ల అనుమతులు దొంగవని తేలింది. యాదమ్మ లాంటివాళ్ళు ఇంకా చాలామంది బయటికి వచ్చారు. తర్వాత ప్రాసిక్యూషన్ అడగగా కోర్టు సునీతకు క్షమాభిక్ష ఇచ్చి ఆమెను అప్రూవర్‌గా, అంటే నేరంలో పాలున్నా నిజం చెప్పడానికి ముందుకొచ్చిన సాక్షిగా తీసుకుంది. నేను రిటైరై రెండేళ్ళయింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

యాదమ్మకు స్థలం దక్కలేదు. అది చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేల, ఎవరూ ఎవరికీ అమ్మడానికి వీల్లేనిది. ఆమె కోర్సు పూర్తి చేసింది. ఆ క్రిస్మస్ ఆర్డరుకు అందరికన్నా ఎక్కువ కార్డులు చేసింది ఆమే. సునీత బెయిలు మీద వచ్చాక ఒకసారి కేంద్రానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. యాదమ్మ ఆమెను లోపలికి పిలవలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. "తిన్నవా?" అని మాత్రం అడిగింది. సునీత తిన్నానంది. అంతకు మించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. సునీత ఇప్పుడు అల్వాల్‌లో ఒక ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తోంది. చెక్కడం మానేసింది.

నాకు చార్జ్ మెమో వచ్చింది. ఉపకరణాలు ఏ పనికి వాడుతున్నారో రాసుకోకుండా ఇచ్చానన్నది ఆరోపణ. నేను ఖండించలేదు. మందలింపుతో సరిపెట్టి, సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో నమోదు చేశారు. కేంద్రం మూతపడలేదు.

ఆ ఏడాది దాకా శిష్యులను వివరాలు అడగకపోవడం నా మర్యాద అనుకునేదాన్ని. వయసొచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ పని వాళ్ళది అనుకునేదాన్ని. సునీత, అడిగితే నిజం తెలిసిపోతుందని అడగలేదు. నేను అడగాలని కూడా తోచక అడగలేదు. ఫలితం దగ్గర ఆ రెంటికీ తేడా లేదు. తర్వాతి బ్యాచ్ నుంచి రిటైరయ్యేదాకా, అక్షరాలు చెక్కడం నేర్పే రోజున ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగాను. ఎవరి పేరు చెక్కుతున్నావు, ఎవరు చెక్కమన్నారు, ఎక్కడ వేస్తారు. జవాబులు రాసి సంతకం పెట్టించుకున్నాను. దుండిగల్ నుంచి వచ్చే ఒకామె, మమ్మల్ని దొంగల్లెక్క చూస్తున్నరా మేడం అని కోపగించుకుని కోర్సు మానేసి వెళ్ళిపోయింది. బహుశా ఆమె తప్పేమీ చేసి ఉండదు. అయినా ఆ ప్రశ్నలు మానలేదు.